కర్షక నేత ఆచార్య రంగా

తెలుగునాట రైతు అనే మాటతో విడదీయరానంతగా పెనవేసుకున్న పేరు ఆచార్య రంగా. ఆయన పూర్తి పేరు గోగినేని రంగనాయకులు. గుంటూరు జిల్లా పొన్నూరు చెంతనున్న నిడుబ్రోలులో 1900 నవంబరు 7న జన్మించారు. తల్లి అచ్చమాంబ, తండ్రి నాగయ్య. గుంటూరులో చదువు ముగించి, 1920లో ఇంగ్లండు వెళ్లి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించారు. స్వదేశం చేరిన పిమ్మట మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యులయ్యారు. ఆ ఉద్యోగాన్ని ఆయన విడిచినా, ఆచార్య పదం మాత్రం ఆయనను విడువలేదు. 1930లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు.

ఆయన పుట్టిన సీమ విలక్షణమైనది. తూర్పున కృష్ణ కాలువల కింద వరి, పడమట నల్లరేగడి నేలల్లో పత్తి, మిరప, ఆపైన పొగాకు. వీటిలో చాలా వరకు అంగడికి చేరవలసిన పంటలే. అటువంటి పంట పండించే రైతు వానకు ఎంత భయపడతాడో ధరకూ అంతే భయపడతాడు. 1929లో ప్రపంచాన్ని ఆర్థిక మాంద్యం కమ్ముకొన్నది. మూడు నాలుగేళ్లలో ధాన్యం ధర దాదాపు సగానికి పడిపోయింది. పత్తి ధరా కుప్పకూలింది. శిస్తు మాత్రం తగ్గలేదు. అప్పు పత్రంలోని అంకె మారలేదు. నూరు బస్తాలు అమ్మితే తీరవలసిన బాకీకి రెండు నూర్ల బస్తాలు అమ్మవలసి వచ్చింది. ధరలు పడిపోతే రూపాయి విలువ పెరుగుతుంది. రూపాయి విలువ పెరిగితే అప్పిచ్చినవాడు లాభపడతాడు, అప్పు తెచ్చినవాడు మునుగుతాడు. పంట చక్కగా పండిన ఏడాది కూడా రైతు పొలం వేలానికి రావడంలోని మర్మం ఇదే.

ఈ కష్టానికి మాంద్యం ఒక్కటే కారణం కాదు. 1927లో ప్రభుత్వం రూపాయి మారకపు విలువను 1 షిల్లింగు 6 పెన్సులుగా చట్టం చేసింది. జాతీయవాదులు 1 షిల్లింగు 4 పెన్సులు చాలునన్నారు. రెండు పెన్సుల తేడాకు ఇంత రభస ఎందుకని అనిపించవచ్చు. లండనులో ఒక పౌనుకు అమ్ముడుపోయిన సరకుకు పాత లెక్కన 15 రూపాయలు రావాలి. కొత్త లెక్కన వచ్చేది 13 రూపాయల 5 అణాల 4 పైసలు. ఆ కోత చివరికి పండించినవాని మీద పడుతుంది. 1931లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదలుకొన్నాక, అప్పులపాలైన కుటుంబాల స్త్రీల నగలు కరిగి, ఆ బంగారం ఓడల్లో సముద్రం దాటిపోయింది.

ఈ స్థితిలో రంగా రైతులను సంఘటితపరచడానికి పూనుకొన్నారు. డెల్టా ప్రాంతంలో శిస్తు పెంపును ప్రతిఘటించారు. 1933లో నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయం నెలకొల్పి, పల్లె యువకులను ఉద్యమ కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ స్థాపకులలో ఒకరైనారు. 1937–38లో ఇచ్ఛాపురం నుండి బయలుదేరిన రైతు యాత్ర 130 రోజులు, 1500 మైళ్లు నడిచి, దారి పొడవునా వినతి పత్రాలు సేకరించి మద్రాసు చేరింది. ఆ 1938లోనే రాజాజీ మంత్రివర్గం రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరుకు పూర్వపు అప్పులపై పేరుకొన్న వడ్డీ రద్దయింది. అసలుకు రెట్టింపు చెల్లించిన వాని బాకీ పూర్తిగా తీరినట్లే. ఎన్నో పొలాలు వేలం బారిన పడకుండా నిలిచాయి. కౌలుదారు, కూలీల గోడు ఈ ఉద్యమంలో భూమిగల రైతు గోడంత బలంగా వినిపించలేదన్న విమర్శ ఉన్నది. అది తోసిపుచ్చదగినది కాదు.

ఈ నడుమ 1935 ఏప్రిల్ 1న రిజర్వు బ్యాంకు వెలసింది. నోట్లు ముద్రించడం, బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని నిర్ణయించడం, రూపాయి మారకాన్ని కాపాడడం దాని విధులు. కేంద్ర బ్యాంకు వడ్డీ పెంచితే అప్పు ప్రియమై, కొనుగోళ్లు మందగించి ధరలు అదుపులోకి వస్తాయి. తగ్గిస్తే వ్యాపారం చురుకెక్కుతుంది, ధరలు పుంజుకొంటాయి. అయితే పాత మారకపు రేటునే కాపాడాలని చట్టం ఆ బ్యాంకు చేతులు కట్టివేసింది. మారకపు రేటు, వడ్డీల విషయంలో తొలి గవర్నరు ఆస్‌బర్న్ స్మిత్‌కే ప్రభుత్వంతో పొసగక, గడువు తీరకముందే ఆయన తప్పుకొన్నారు. వ్యవసాయ పరపతికై ఒక ప్రత్యేక శాఖ మొదటి నుండీ ఉన్నా, అది పల్లెకు చేరడానికి ఏళ్లు పట్టింది. 1954లో వెలువడిన గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతుల అప్పులో సహకార సంఘాల వాటా నూటికి 3 మాత్రమే. వడ్డీ వ్యాపారుల వాటా 70కి దగ్గర.

స్వాతంత్ర్యానంతరం సహకార వ్యవసాయ విధానాన్ని కాంగ్రెసు చేపట్టగా, రైతు భూమి రైతుదేనన్న రంగా దానిని వ్యతిరేకించి, 1959లో రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీని నిర్మించి దాని అధ్యక్షులైనారు. తరువాత కాంగ్రెసులోనికి తిరిగివచ్చి, 1980 నుండి 1991 వరకు లోక్‌సభలో గుంటూరుకు ప్రాతినిధ్యం వహించారు. 1991లో పద్మవిభూషణ్ లభించింది. 1995 జూన్‌లో కన్నుమూశారు. మరుసటి ఏడాది రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు. పత్తి, మిరప వంగడాలకు పేరుపొందిన గుంటూరు చెంత లాం పరిశోధన క్షేత్రం ఆ విశ్వవిద్యాలయానిదే.