ఫ్రెడ్రిక్ వోలర్

ఫ్రెడ్రిక్ వోలర్ (జూలై 31, 1800 – సెప్టెంబరు 23, 1882) ప్రముఖ జర్మన్ రసాయన శాస్త్రవేత్త. జీవుల శరీరాలలో మాత్రమే తయారవుతుందని భావించిన యూరియాను 1828లో ప్రయోగశాలలో తయారుచేసి, కర్బన, అకర్బన రసాయన శాస్త్రాల మధ్య సరిహద్దును ప్రశ్నార్థకం చేసిన వ్యక్తిగా ప్రసిద్ధుడు.

జీవిత విశేషాలు

వోలర్ ఫ్రాంక్‌ఫర్ట్ సమీపంలోని ఎషర్స్‌హైమ్‌లో జన్మించాడు. 1823లో హైడెల్‌బర్గ్ విశ్వవిద్యాలయం నుండి వైద్య పట్టా పొందినా, గురువు గ్మెలిన్ సలహాపై రసాయన శాస్త్రం వైపు మళ్ళాడు. స్టాక్‌హోమ్ వెళ్ళి బెర్జీలియస్ వద్ద సుమారు ఒక సంవత్సరం శిష్యరికం చేశాడు. తరువాత బెర్లిన్, కాసెల్ నగరాలలో బోధించి, 1836లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై జీవితాంతం అక్కడే పనిచేశాడు.

యూరియా తయారీ

ఆ కాలంలో రసాయన పదార్థాలను రెండు తెగలుగా చూసేవారు. ఖనిజాలు, లవణాలు, లోహాలు ఒక తెగ. చక్కెర, నూనెలు, మూత్రంలోని యూరియా వంటి జీవసంబంధ పదార్థాలు మరొకటి. రెండవ తెగ పదార్థాలు తయారు కావడానికి ఏదో ప్రాణశక్తి తోడ్పాటు కావాలని చాలామంది నమ్మేవారు. (తెలుగులో సేంద్రియ రసాయనం అనే మాటలో ఈ పాత భావన, కర్బన రసాయనం అనే మాటలో తరువాతి నిర్వచనం నిలిచి ఉన్నాయి.)

వోలర్ అమ్మోనియం సయనేట్ అనే లవణాన్ని తయారుచేయదలచి, సిల్వర్ సయనేట్‌ను అమ్మోనియం క్లోరైడ్ ద్రావణంతో కలిపాడు. ద్రావణాన్ని ఇగిర్చగా మిగిలిన తెల్లని స్ఫటికాలు సయనేట్ గుణాలను చూపలేదు. మూత్రం నుండి తీసిన యూరియాతో పోల్చగా రెండూ ఒకటేనని తేలింది. మూత్రపిండం ప్రమేయం లేకుండానే యూరియా వచ్చిందని ఆయన 1828 ఫిబ్రవరిలో బెర్జీలియస్‌కు ఉత్తరం వ్రాశాడు.

ఆ ఇద్దరినీ ఎక్కువగా ఆకర్షించినది మరొక విషయం. అమ్మోనియం సయనేట్‌లోనూ, యూరియాలోనూ ఉన్నవి ఒక కర్బనం, ఒక ఆక్సిజన్, రెండు నైట్రోజన్, నాలుగు హైడ్రోజన్ పరమాణువులే. తేడా అంతా వాటి అమరికలో ఉంది. ఇటువంటి ఉదాహరణల ఆధారంగానే బెర్జీలియస్ 1830 ప్రాంతంలో అణుసాదృశ్యం అనే భావనకు పేరు పెట్టాడు.

ఈ ఒక్క ప్రయోగంతో ప్రాణశక్తి వాదం కూలిపోయిందని పాఠ్యపుస్తకాలలో తరచు కనిపిస్తుంది. ఇది అతిశయోక్తి. అప్పట్లో సయనేట్లను రక్తం, కొమ్ములు, గిట్టలు వంటి జంతు పదార్థాల సాయంతోనే తయారుచేసేవారు. కనుక ముడిసరుకులోనే ప్రాణశక్తి దాగి ఉన్నదని వాదించడానికి వీలుండేది. ఈ చిక్కును వోలరే గుర్తించాడు. 1845లో కోల్బే అకర్బన పదార్థాల నుండి మొదలుపెట్టి ఎసిటిక్ ఆమ్లాన్ని తయారుచేసిన తరువాత ఆ వాదం మరింత బలహీనపడింది. 1861 నాటికి కెకూలే కర్బన సమ్మేళనాల శాస్త్రమే సేంద్రియ రసాయనమని నిర్వచించాడు. అయినా కార్బొనేట్లను, సయనేట్లను అలవాటు ప్రకారం అకర్బన పదార్థాలుగానే లెక్కిస్తారు. అంటే నేటి విభజన ప్రకారం కూడా వోలర్ తీసుకున్నది అకర్బన పదార్థం, పొందినది కర్బన పదార్థం.

ఇతర పరిశోధనలు

వోలర్ 1827లో అల్యూమినియం లోహాన్ని, 1828లో బెరీలియంను వేరుచేశాడు. 1832లో భార్య మరణించగా, మిత్రుడు లీబిగ్ ఆయనను తన ప్రయోగశాలకు పిలిపించుకున్నాడు. అక్కడ ఇద్దరూ కలిసి చేదు బాదం నూనెపై పనిచేసి, అనేక చర్యలలో చెక్కుచెదరకుండా నిలిచే బెంజాయిల్ సముదాయాన్ని గుర్తించారు. 1862లో కాల్షియం కార్బైడ్‌ను నీటితో కలిపి ఎసిటిలీన్ వాయువును పొందాడు. ఆయన గొట్టింగెన్‌లోనే మరణించాడు.