ఆండ్రియాస్ వెసాలియస్

ఆండ్రియాస్ వెసాలియస్ (డిసెంబరు 31, 1514 - అక్టోబరు 1564) ప్రసిద్ధ వైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రవేత్త. అనాటమీ అని పిలువబడే శరీర నిర్మాణ శాస్త్రానికి ఆధునిక కాలంలో పునాది వేసినవాడిగా ఇతడు పేరుపొందాడు. మానవ శరీరాన్ని గ్రంథాలలో చదివి కాక, స్వయంగా పరిశీలించి తెలుసుకోవాలన్న పద్ధతిని బోధనలో ప్రవేశపెట్టాడు. 1543లో వెలువడిన ఇతని బృహద్గ్రంథం 'డి హ్యుమాని కార్పోరిస్ ఫాబ్రికా' వైద్యశాస్త్ర చరిత్రలో ఒక మైలురాయి.

బాల్యము, విద్యాభ్యాసము

వెసాలియస్ నేటి బెల్జియం దేశంలోని బ్రస్సెల్స్ నగరంలో వైద్యుల వంశంలో జన్మించాడు. తండ్రి చక్రవర్తి ఐదవ ఛార్లెస్ కొలువులో ఔషధాలు తయారుచేసేవాడు. లూవెన్ విశ్వవిద్యాలయంలో చదివిన తరువాత 1533లో వైద్యవిద్య కొరకు పారిస్ చేరాడు. అక్కడ జాకోబస్ సిల్వియస్ ఇతని గురువులలో ఒకడు. 1536లో యుద్ధం కారణంగా చదువు మధ్యలోనే విడిచి లూవెన్‌కు తిరిగి వచ్చాడు. ఆ ఊరి వెలుపల ఉరికొయ్యకు వ్రేలాడుతున్న ఒక నేరస్థుని అస్థిపంజరాన్ని రహస్యంగా ఇంటికి చేర్చి, ఎముకలను ఒక్కొక్కటిగా అధ్యయనం చేశాడు. తరువాత ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయంలో 1537 డిసెంబరులో వైద్య పట్టా పొంది, మరునాడే అక్కడ శస్త్రవైద్య, శరీర నిర్మాణ శాస్త్రాల అధ్యాపకునిగా నియమితుడయ్యాడు.

ఆనాటి బోధనా విధానము

క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గాలెన్ అనే వైద్యుని గ్రంథాలే అప్పటి ఐరోపాలో ప్రమాణాలు. ఆచార్యుడు ఎత్తైన పీఠంపై కూర్చుని గ్రంథం చదివేవాడు. క్రింద ఒక క్షురకుడు శవాన్ని కోసేవాడు. విద్యార్థులు దూరం నుండి చూసేవారు. గ్రంథంలో ఉన్నదానికీ శవంలో కనిపించినదానికీ పొంతన కుదరకపోయినా ప్రశ్నించేవారు అరుదు.

వెసాలియస్ పీఠం దిగి తానే కత్తి పట్టాడు. శవాన్ని కోస్తూనే పాఠం చెప్పేవాడు. విద్యార్థులకు చూపడానికి పెద్ద పటాలు గీసేవాడు. వీటిలో ఆరింటిని 1538లో ముద్రించాడు. అయితే ఈ పటాలు ఇంకా గాలెన్‌నే అనుసరించాయి. మానవ కాలేయానికి ఐదు తమ్మెలు ఉన్నట్లు వీటిలో చిత్రించబడింది.

గాలెన్‌తో విభేదము

మరణశిక్ష పొందినవారి శవాలు 1539 నుండి పాడువాలో ఎక్కువగా లభించడంతో వెసాలియస్ పరిశోధన వేగం పుంజుకుంది. 1540లో బొలోన్యా నగరంలో మనిషి అస్థిపంజరాన్ని, కోతి అస్థిపంజరాన్ని ప్రక్కప్రక్కన ఉంచి పోల్చాడు. గాలెన్ వర్ణనలు అనేకచోట్ల కోతికే సరిపోయాయి. గాలెన్ మానవ శరీరాలను కాక కోతులు, పందులు వంటి జంతువులను కోసి చూచి వ్రాశాడని దీనివలన తేటతెల్లమయింది.

వెసాలియస్ సరిదిద్దిన విషయాలలో కొన్ని:
- పెద్దవారిలో క్రింది దవడ ఒకే ఎముక, రెండు కాదు.
- రొమ్ము ఎముకలో ఉన్నవి మూడు భాగాలు, ఏడు కాదు.
- జంతువుల మెదడు అడుగున ఉండే రక్తనాళాల వల మనిషిలో లేదు.
- స్త్రీ పురుషుల ప్రక్కటెముకల సంఖ్య సమానం.

ఫాబ్రికా, ఎపిటమీ

ఫాబ్రికా గ్రంథాన్ని స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో ఒపోరినస్ ముద్రించాడు. అప్పటికి వెసాలియస్ వయస్సు 28 సంవత్సరాలు. ఇందులో ఏడు భాగాలున్నాయి. ఇవి వరుసగా ఎముకలు, కండరాలు, రక్తనాళాలు, నాడులు, ఉదరావయవాలు, గుండె ఊపిరితిత్తులు, మెదడు గురించి వివరిస్తాయి. 200కు పైగా ఉన్న చిత్రాలకు చెక్క అచ్చులను వెనిస్‌లో చెక్కించి, ఆల్ప్స్ పర్వతాలను దాటించి బాసెల్‌కు చేర్చారు. వీటిలో మిగిలినవి రెండవ ప్రపంచయుద్ధ కాలంలో మ్యూనిక్‌లో బాంబుదాడులకు నశించాయి.

అదే సంవత్సరం ప్రారంభ విద్యార్థుల కొరకు 'ఎపిటమీ' అనే సంక్షిప్త గ్రంథం కూడా వెలువరించాడు. ఇందులోని కొన్ని అవయవాల బొమ్మలను కత్తిరించి, ఒకదానిపై ఒకటి అతికించి, శరీరం లోపలి అమరికను తెలుసుకోవచ్చు. ఆ సంవత్సరమే బాసెల్‌లో వెసాలియస్ కూర్చిన ఒక మానవ అస్థిపంజరం నేటికీ అక్కడి విశ్వవిద్యాలయ ప్రదర్శనశాలలో భద్రంగా ఉంది.

విమర్శలు, చివరి జీవితము

గాలెన్‌ను తప్పుపట్టడం అనేకులకు ఆగ్రహం కలిగించింది. 1551లో గురువు సిల్వియస్ తీవ్రంగా ఖండిస్తూ పుస్తకం వ్రాశాడు. గాలెన్ పొరబడలేదని, ఆయన కాలం తరువాత మానవ శరీరమే మారిపోయిందని అతని వాదన. అంతకుముందే వెసాలియస్ తన వ్రాతప్రతులను తగులబెట్టి, బోధన వదలి, చక్రవర్తి ఆస్థాన వైద్యునిగా చేరాడు. అయినా 1555లో ఫాబ్రికాను సవరించి రెండవసారి ప్రచురించాడు. 1559లో రాజు రెండవ ఫిలిప్ కొలువులో స్పెయిన్ వెళ్ళాడు. 1564లో జెరూసలేం యాత్ర నుండి తిరిగి వస్తూ గ్రీసు దేశపు జాకింథోస్ ద్వీపంలో మరణించాడు.

ప్రభావము

అవయవాల నిర్మాణాన్ని సరిదిద్దినా, అవి పనిచేసే తీరు విషయంలో వెసాలియస్ చాలావరకు గాలెన్‌నే అనుసరించాడు. గుండె కుడి ఎడమ జఠరికల మధ్య గోడలోని సన్నని రంధ్రాల గుండా రక్తం ప్రవహిస్తుందని గాలెన్ భావించాడు. ఆ రంధ్రాలు కంటికి కనబడవని వెసాలియస్ 1543లో వ్రాశాడు. 1555లో ఆ సందేహాన్ని మరింత స్పష్టంగా ప్రకటించాడు. కాని రక్తం ఏ మార్గాన పయనిస్తుందో చెప్పలేకపోయాడు. తరువాతి కాలంలో పాడువాలోనే చదివిన విలియం హార్వే 1628లో రక్త ప్రసరణను నిరూపించి శరీరధర్మ శాస్త్రంలో ఆ లోటును పూరించాడు. నేడు వైద్య విద్యార్థులు మొదటి సంవత్సరంలో పాఠ్యగ్రంథంతో పాటు శవపరిచ్ఛేదం ద్వారా శరీర నిర్మాణాన్ని నేర్చుకునే పద్ధతికి వెసాలియస్ కృషి ముఖ్య ప్రేరణ.