రికార్డు రెండో వైపు

పోయిన దసరాకు మన బ్యాచి మిత్రుడొకడు కొంపల్లిలో వాళ్ల పాత ఇల్లు కూలగొట్టిస్తుంటే, అటక మీది ట్రంకుపెట్టెలో వాళ్ల నాన్నగారి గ్రామఫోను రికార్డులు బయటపడ్డాయి. ఊరి చుట్టూ ద్రాక్షతోటలున్న కాలం నాటి ఇల్లు అది. పగలకుండా మిగిలింది ఒకే ఒక్క రికార్డు, ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్.

కీ ఇచ్చే గ్రామఫోను ఒకటి సంపాదించి ఐదారుగురం కూర్చుని విన్నాం. నిమిషానికి 78 చుట్లు, ఒక్కో వైపు మూడు నిమిషాల పైచిలుకు. అంతలో కచేరీ ఏం నిండుతుందని ఒకడు పెదవి విరిచాడు. నేను ఒప్పుకోలేదు. కమాను వెనక్కి తిరిగే చోటు చెవికి దొరకడం లేదు. గాయకుడు ఊపిరి తీసుకోకుండా పాడుతున్నట్టే ఉంది. అంత తక్కువ వ్యవధి కనుకే ఒక్క స్వరమూ దండగ పోలేదన్నాను. వాదన టీ చల్లారేదాకా సాగింది.

నాయుడుగారు 1893 దీపావళి నాడు బెంగళూరులో పుట్టి విశాఖపట్నంలో పెరిగారు. చిన్నప్పుడే చూపు మందగించి బడిచదువు ఆగిపోయింది. అన్నగారు వెంకటకృష్ణయ్య వయొలిన్ చేతికిచ్చి నేర్పారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయిద్యం విన్నవాళ్లు ఏకంగా ఆచార్యుడిగా తీసుకున్నారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటాయంతే! 1936లో అక్కడే ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యంగా ఉండిపోయిన వయొలిన్‌తో తానే కచేరీ నడిపించారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ. 1964లో కన్నుమూశారు.

బిరుదుల కన్నా ఆ ఆగిపోయిన చదువే నన్ను పట్టుకుంది. ఏడో తరగతిలో నాకూ బోర్డు మసకగానే కనిపించేది. మొద్దునని ఇంట్లోవాళ్లు బడి మాన్పించబోతే, మన లెక్కల సారు ముందు బెంచీలో కూర్చోబెట్టి, మా నాన్నకు చెప్పి కళ్లజోడు పెట్టించారు. లేకపోతే ఈ సంచికలో నా పేరు ఉండేది కాదు.

ఇప్పుడు సారుకే చూపు సరిగా ఆనడం లేదు. ఫంక్షన్‌కు రాలేనని కబురు పెట్టారు. మొన్న ఆదివారం గ్రామఫోను, రికార్డు ఆటోలో వేసుకుని వాళ్లింటికే వెళ్లాం. గొంతు పట్టి నన్ను గుర్తుపట్టారు. మొదటి వైపు అయ్యేదాకా మాట్లాడలేదు. తర్వాత రెండో వైపు వెయ్యమన్నారు. ముల్లు మార్చి వేశాను.