కోచ్ జాన్ మెక్లెండన్

బాస్కెట్‌బాల్ కనిపెట్టినవాడు జేమ్స్ నైస్మిత్ అని క్విజ్ పోటీలకు వెళ్ళే మన విద్యార్థులందరికీ తెలుసు. ఆ నైస్మిత్ దగ్గరే చదువుకుని, ఆ యూనివర్సిటీ టీములో ఒక్కరోజైనా ఆడలేకపోయిన శిష్యుడి సంగతి తక్కువమందికి తెలుసు. ఆయనే జాన్ మెక్లెండన్.

1915లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో పుట్టాడు. 1933లో కాన్సాస్ యూనివర్సిటీలో వ్యాయామ విద్య చదవడానికి చేరాడు. నల్లజాతివాడు గనక టీములో చోటు లేదన్నారు. నైస్మిత్ మాస్టారు మాత్రం చేరదీసి ఆట లోతులు నేర్పాడు. ఆడనివ్వని కుర్రాడు ఆడించేవాడయ్యాడు.

1940లో డర్హంలోని నల్లవారి కాలేజీకి కోచ్ అయ్యాడు. ఆ రోజుల్లో ఆట నింపాదిగా సాగేది. ఈయన పిల్లల్ని పరుగులు పెట్టించాడు. బంతి చేజిక్కగానే అవతలి బుట్ట మీదికి దూకడం, కోర్టు పొడుగునా ఎదుటివాణ్ణి అడ్డగించడం, ఇదీ పద్ధతి. 1944 మార్చి 12 ఆదివారం ఉదయం, ఊరంతా చర్చిలో ఉన్న వేళ, డ్యూక్ మెడికల్ కాలేజీ తెల్ల విద్యార్థులు రహస్యంగా వచ్చి, తలుపులు మూసి వీరితో ఆడారు. 88-44తో మెక్లెండన్ టీము గెలిచింది. తర్వాత ఇరుజట్లవాళ్ళూ కలిసిపోయి ఇంకో ఆట ఆడారట! బయటపడితే జైలే. లోకానికి ఈ సంగతి బాగా తెలిసింది 1996లో.

అయితే తలుపులు మూసుకుని గెలిస్తే ఏం లాభం? నల్లవారి కాలేజీలు తమలో తాము ఆడుకోవాల్సిందే, జాతీయ పోటీల గుమ్మం ఎక్కడానికి లేదు. మెక్లెండన్, ఆయన తోటి కోచ్‌లు ఏళ్ళ తరబడి అడగ్గా అడగ్గా, 1953లో ఎన్.ఎ.ఐ.ఎ. అనే చిన్న కాలేజీల సంఘం వారికి ఒక విభాగం ఇచ్చి జాతీయ టోర్నమెంటుకు దారి వదిలింది. మరుసటి ఏడు ఆయన నాష్‌విల్‌లోని టెన్నెసీ ఏ అండ్ ఐ కాలేజీకి వెళ్ళాడు. కాన్సాస్ సిటీలో ఆడమని పిలుపొచ్చింది. మిగతా టీములు దిగే హోటల్లోనే మా పిల్లలూ దిగాలి, అక్కడే తినాలి, లేకపోతే రామని ఖండితంగా చెప్పాడు. టోర్నమెంటుకు పోతే ఏ హైస్కూలు గదుల్లోనో చాపలు పరుచుకునే మనకు ఈ హోటల్ గొడవ చిన్నదిగా తోచవచ్చు. కాని ఒకే కోర్టులో ఆడి, రాత్రికి వేరే పేటకు వెళ్ళి పడుకోవడం ఆయనకు సమ్మతం కాలేదు. సంఘం ఒప్పుకుంది.

ఇక 1957. ముప్ఫై రెండు టీములు, గెలవాలంటే వారంలో అయిదు ఆటలు. పరుగుల ఆటకు ఒళ్ళు హూనమయ్యే పరీక్ష అది. ఫైనల్లో సౌత్ ఈస్టర్న్ ఓక్లహామాను 92-73తో ఓడించారు. అన్ని జాతులకూ తెరిచిన జాతీయ బాస్కెట్‌బాల్ పోటీని నల్లవారి కాలేజీ గెలవడం అదే మొదలు. డిక్ బార్నెట్ వంటి ఆటగాళ్ళతో 1958, 1959లలోనూ గెలిచారు. వరసగా మూడేళ్ళు జాతీయ టైటిల్ తెచ్చిన కాలేజీ కోచ్ అంతకు ముందు లేడు.

1966లో క్లీవ్‌లాండ్ స్టేట్ ఆయన్ను తీసుకుంది. తెల్లవారు అధికంగా ఉన్న యూనివర్సిటీకి నల్లజాతి హెడ్ కోచ్ రావడం అదే ప్రథమం. 1979లో నైస్మిత్ పేరిట ఉన్న హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు గాని, ఆటకు సేవ చేసినవాడిగానే. కోచ్‌గా చేర్చింది 2016లో. అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్ళు. ఆ మూడు టైటిళ్ళ టీముకు గుర్తింపు కోసం బార్నెట్ ముసలితనంలో కూడా తిరుగుతూనే ఉన్నాడు. 2019లో గాని అది దక్కలేదు.