పెర్ల్ బక్ దొరసాని

పెర్ల్ బక్ దొరసాని గొప్ప నవలా రచయిత్రి యని మన పాఠకులలో పలువురెఱుగుదురు. ఆమె తల్లియై పెంచిన బిడ్డల సంగతి అంతగా ప్రచారమునకు రాలేదు. ఆ సంగతినే యీ సంచికలో సంగ్రహముగా విన్నవింప నెంచితిమి.

ఈమె 1892 వ సంవత్సరము జూన్ 26 వ తేదీన అమెరికాలోని పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున జన్మించెను. తల్లిదండ్రులు చీనాదేశమున పనిచేయు మిషనరీలు. సెలవు ముగియగానే వారు కొన్ని మాసముల యీ పసికందుతో మఱల చీనాకు వెడలిరి. అచ్చట ఆమె దాది చెప్పు కథలు వినుచు, ఇరుగుపొరుగు పిల్లలతో నాడుచు, ఆ దేశభాషను తల్లిభాషవలె నేర్చెను. 1900 లో బాక్సరుల తిరుగుబాటు చెలరేగినప్పుడు తల్లితోకూడ షాంఘై నగరమున తలదాచుకొనవలసి వచ్చెను. మేనిచాయను బట్టి పగగొనుట యెట్టిదో ఆమెకు బాల్యముననే తెలిసెను. 1927 మార్చిలో నాన్‌కింగ్ నగరమున సైనికులు విదేశీయుల యిండ్లు దోచుచుండగా, ఒక బీద చీనా స్త్రీ తన గుడిసెలో ఈ కుటుంబమును దాచి రక్షించెను. పగయు దయయు ఏ యొక్క జాతి సొత్తును కావని ఆమె యిట్లు స్వానుభవమున గ్రహించెను.

1920 లో ఆమెకొక కుమార్తె కలిగెను. ఆ బిడ్డ మేను పెరిగినను బుద్ధి పెరుగలేదు. వేఱు సంతానము కలుగు ఆశయు లేకపోగా, 1925 లో ఒక యాడుశిశువును దత్తత చేసికొనెను. 1931 లో ప్రకటితమైన ‘ది గుడ్ ఎర్త్’ అను నవల ఆమెకు కీర్తిని తెచ్చెను. 1938 లో నోబెల్ బహుమానము లభించెను. ఇంతలో 1935 లో రిచర్డ్ వాల్ష్ అను ప్రచురణకర్తను పెండ్లాడి, పెన్సిల్వేనియాలోని ఒక పొలమున కాపురముండి, మఱి నలుగురు శిశువులను పెంచుకొనెను.

ఆ కాలమున అమెరికాలోని దత్తత సంస్థలు బిడ్డ రంగును, రూపును, మతమును పెంచువారితో సరిచూచెడివి. అమెరికను తల్లికిని భారతీయుడైన తండ్రికిని పుట్టిన పదునైదు మాసముల బాలుడొకడు ఈ లెక్కలో ఎవరికిని సరిపడడయ్యెను. ఆరోగ్యవంతుడైన బిడ్డకు చామనచాయయే అడ్డమయ్యెను. మన దేశపు రక్తముగల ఆ శిశువునకై దొరసాని పలువుర నడిగి చూచెను. ఎవరును ముందుకు రాకపోగా తన యింటికే రప్పించుకొనెను. కొలది కాలములోనే సగము చీనా రక్తముగల మఱియొక శిశువు వచ్చెను.

అప్పటికి దంపతులిరువురును వయసు మీఱినవారు. అందుచేత ఇరుగుపొరుగు వారిని కూడగట్టి, 1949 లో ‘వెల్‌కమ్ హౌస్’ అను సంస్థను స్థాపించెను. ఇట్టి బిడ్డల నెవ్వరును కోరరను మాట వట్టిదని అది ఋజువు చేసెను. ఆ సంస్థ మూలమున ఐదువేలకు పైగా బిడ్డలకు ఇండ్లు దొరకెను. 2014 లో అది తన దత్తత కార్యమును ముగించెను.

పరుల కుపదేశించి తాను తప్పుకొనుట ఆమె స్వభావము కాదు. అమెరికను నల్లజాతి సైనికులకు జర్మను తల్లియందొకతెయు, జపాను తల్లియందొకతెయు పుట్టిన బాలిక లిరువురను 1950 తరువాతి సంవత్సరములలో తన బిడ్డలుగా చేర్చుకొనెను. తెల్లవారికిని నల్లవారికిని వివాహము కూడదను చట్టములు ఆ దేశపు కొన్ని రాష్ట్రములలో 1967 వఱకు నిలిచియుండెను. అట్టి దినములలో నల్లని బిడ్డ చేయిపట్టి నడచు తెల్లని తల్లికి వీధిలోని ప్రతి చూపును ఒక ప్రశ్నయే గదా! ఇతరులు గ్రంథములలో చదివి తెలిసికొను అన్యాయము పెంచిన తల్లికి తన బిడ్డ ముఖముననే కనబడును.

పరదేశమునకు పోజాలని బిడ్డలును కలరు. వారికి పుట్టిన గడ్డమీదనే తిండియు చదువును సమకూర్చుటకై 1964 లో వేఱొక సంస్థను నెలకొల్పెను. 1972 లో చీనాను మఱల చూడగోరగా ఆ ప్రభుత్వము అనుమతింపలేదు. 1973 మార్చి 6 వ తేదీన ఆమె మరణించెను. పెన్సిల్వేనియాలోని ఆమె సమాధిశిలపై ఆమె పేరు చీనా లిపిలోనే చెక్కబడియున్నది.

దత్తత యనగానే కులగోత్రముల నరయుట మన యిండ్లలోను చిరపరిచితమే. కావున ఈ కథ పరదేశపు వింతగా మాత్రమే చదువదగినది కాదని మా మనవి. విద్యార్థులారా, మీ తరగతిలో రంగుచేతగాని పుట్టుకచేతగాని యొంటరియై కూర్చున్న బాలుడుండిన యెడల, రేపే పోయి వాని ప్రక్కను కూర్చుండుడు.