కూరేశులు – ఆండాళమ్మ

శ్రీవైష్ణవ గురుపరంపరలో భగవద్రామానుజుల శిష్యులు అనేకులు. వారిలో ఆచార్యులకు కుడిభుజముగా భాసించినవారు శ్రీవత్సాంకమిశ్రులు. కాంచీపురమునకు సమీపముననున్న కూరము అను గ్రామమునకు అధిపతులగుటచే వీరు కూరేశులనియు, తమిళమున కూరత్తాళ్వాన్ అనియు ప్రసిద్ధి నొందిరి. సంప్రదాయము ననుసరించి వీరు సౌమ్యనామ సంవత్సరమున, మకరమాసమున, హస్తా నక్షత్రమున, అనగా క్రీ.శ. 1010 ప్రాంతమున అవతరించిరి. 1017లో అవతరించిన రామానుజులకంటె వయస్సున పెద్దలైనను, శిష్యభావమున వారి పాదములనే ఆశ్రయించిరి. కూరేశుల పాండిత్యము లోకవిదితము. వారి ధర్మపత్నియగు ఆండాళమ్మను గూర్చి అంతగా చెప్పుకొనుట లేదు. కాని ఆమెను విడిచి వారి జీవితమును వర్ణించుట పొసగదు.

కూరములో ఆ దంపతులది సంపన్న గృహము. ఉదయము మొదలు రాత్రివరకు అతిథులకు అన్నదానము జరుగుచుండెను. రాత్రివేళ వారి గృహద్వారములు మూయు ధ్వని కంచి దేవాలయమువరకు వినబడెననియు, పెరుందేవి తాయారు అది యేమి శబ్దమని వరదరాజస్వామిని ప్రశ్నించెననియు పెద్దలు చెప్పుదురు. ఈ విషయము తిరుక్కచ్చినంబి వలన విని కూరేశులు సంతోషింపక సిగ్గుపడిరి. తమ ఐశ్వర్యపు చప్పుడు జగన్మాత చెవికి సోకినదే యని పరితపించి, సర్వస్వమును దానము చేసి, భార్యతో కూడ కాలినడకను శ్రీరంగమునకు బయలుదేరిరి.

దారిలో అడవి. ఆండాళమ్మ ఇచట దొంగల భయము కలదా యని భర్తనడిగెను. చేత ధనమున్న వారికే భయము, మనకేల యని వారనిరి. అపుడామె, వారు నీరు త్రాగుటకై ఒక బంగారు గిన్నెను తనతో తెచ్చితినని చెప్పెను. కూరేశులు దానిని దూరముగా విసరివైచిరి. ఆమె మారుమాటాడక నడిచెను. ఆ గిన్నెను ఆమె తనకొరకు దాచుకొన్నది కాదు. సర్వము విడువగలిగిన ఆ యిల్లాలు, భర్త దప్పికను గూర్చిన చింతను మాత్రము విడువలేకపోయెను.

శ్రీరంగమున వారిది ఉంఛవృత్తి. ఏనాటి భిక్ష ఆనాటికే. మరునాటికి గింజయైన మిగుల్చుట లేదు. ఒకనాడు ఎడతెగని వర్షము కురిసి భిక్షకు వెళ్లుట సాధ్యము కాలేదు. రాత్రి రంగనాథునకు ఆరగింపు జరుగుచున్నదని తెలుపు వాద్యధ్వని వినబడెను. భక్తుడిచట పస్తుండగా స్వామి అచట ఆరగించుచున్నాడే యని ఆండాళమ్మ మనస్సున తలచెను, పైకేమియు అనలేదు. కొంతసేపటికి స్వామి యాజ్ఞయని ఉత్తమనంబి ప్రసాదమును తెచ్చి ముంగిట నిలిచెను. కూరేశులు చకితులై, నీవేమైన తలంచితివా యని భార్యనడిగిరి. ఆమె దాచక చెప్పెను. తమ ఆకలి స్వామికి శ్రమ కలిగించెనని వారు నొచ్చుకొని, రెండు పిడికిళ్లు మాత్రమే స్వీకరించి, తాము కొంచెము భుజించి తక్కినది ఆమెకిచ్చిరి. ఆ ప్రసాద మహిమచే పరాశరభట్టరు, వేదవ్యాసభట్టరు అను కుమారులు కలిగిరని సంప్రదాయము. పరాశర వ్యాసుల నామములు లోకమున నిలుపుదునని యామునాచార్యుల విషయమున రామానుజులు చేసిన ప్రతిజ్ఞ యిట్లు నెరవేరెను.

పిదప కష్టకాలము వచ్చెను. సంప్రదాయము క్రిమికంఠుడని పేర్కొను చోళరాజు రామానుజులను పిలిపించెను. ఆ రాజు ఎవరను విషయమున చరిత్రకారులు ఏకాభిప్రాయులు కారు. కూరేశులు ఆచార్యుల కాషాయమును ధరించి, వారికి మారుగా పెరియనంబితో సభకు వెళ్లిరి. రాజు కోరిన వ్రాలు చేయ నిరాకరించి తమ నేత్రములను కోల్పోయిరి. వృద్ధులైన పెరియనంబి ఆ బాధచే మార్గమధ్యముననే పరమపదించిరి. రామానుజులు పశ్చిమమున మేల్కోటకు తరలిరి. రామానుజ సంబంధము కలవారిని కోవెలలోనికి రానీయరాదని కట్టడి యుండగా, కూరేశులు సజ్జనులని కావలివారు వారిని పోనిచ్చుటకు సిద్ధపడిరి. ఆచార్య సంబంధమును త్రోసిపుచ్చి పొందు దర్శనము తమకు వలదని వారు వెనుదిరిగి, భార్యాపుత్రులతో మధుర చెంతనున్న తిరుమాలిరుంజోలై చేరిరి. అచట సుందరబాహుస్వామిని స్తుతించుచు కాలము గడపిరి. పంచస్తవములలోని సుందరబాహుస్తవము ఆ స్థలమున వెలసినదే. స్వామిని కన్నులార చూడజాలనివారు స్వామి సౌందర్యమును వర్ణించిరి. చూపులేని భర్తను వెన్నంటి నడచిన ఆండాళమ్మ సేవ ఆ స్తవమునకు వెనుకనున్నదని గృహస్థులు గ్రహింపవలెను.

చాలకాలమునకు రామానుజులు శ్రీరంగమునకు తిరిగివచ్చిరి. వరదుని స్తుతించి నేత్రములను వేడుకొనుమని కూరేశులను ఆజ్ఞాపించిరి. వారు వరదరాజస్తవమును సమర్పించిరి. కాని వరమడుగవలసినపుడు తమ కన్నులను మరచి, రాజునకు దుర్బోధ చేసిన నాలూరానునకు తాము పొందు సద్గతియే కలుగవలెనని కోరిరి.

కూరేశులు ఆచార్యులకంటె ముందుగనే రంగనాథుని వలన పరమపదమునకు అనుజ్ఞ పొందిరి. అంత్యకాలమున ఆండాళమ్మను పిలిచి, నీ మనస్సున ఏమున్నదని యడిగిరి. మీ సంకల్పమే నా సంకల్పమని ఆమె పాదములకు మ్రొక్కెను. కుమారులను తల్లి మనస్సెరిగి మెలగుడని ఆదేశించి, శిరస్సును శిష్యుని యొడిలోను, పాదములను ఆండాళమ్మ యొడిలోను ఉంచి, గురువును ధ్యానించుచు వారు దేహము విడిచిరి. అడవిదారిలో తన వెంట నడచిన ఆ యిల్లాలి యొడియే వారి పాదములకు తుది విశ్రాంతి స్థానమయ్యెను.

పిమ్మట ఆమె కుమారుడగు పరాశరభట్టరు శ్రీపాదతీర్థమును స్వీకరించుచుండెను. తల్లి యిట్లు చేయుట తగునా యని ఒకరడుగగా, శిల్పి తాను మలచిన విగ్రహమునకు తానే మ్రొక్కుట లేదా యని సమాధానము చెప్పెను.

బంగారు గిన్నె విషయమునను, ప్రసాదము విషయమునను ఆండాళమ్మ పొరపడెనని తోచవచ్చును. కాని ఆ రెండు తావులను ఆమె హృదయమున నున్నది భర్త దప్పిక, భర్త ఆకలి. మొదటిదానిని కూరేశులు వారించిరి. రెండవదానిని రంగనాథుడే ఆలకించెను. వైరాగ్యము భర్తదియైనను, ఆ వైరాగ్యమునకు నీడనిచ్చిన వాత్సల్యము భార్యది. శ్రీరంగ యాత్ర చేయువారు కూరేశుల సన్నిధిలో అంజలి ఘటించునపుడు ఆండాళమ్మను కూడ స్మరించుట ధర్మము.