రుడాల్ఫ్ డీజిల్: వేరుశనగ నూనెతో నడిచిన యంత్రం

ఉదయం పది గంటల వేళ మన కళాశాల ద్వారం ముందు నిలుచున్న వారికి వాహనాల పొగ గూర్చి వేరుగా చెప్పనవసరం లేదు. లారీ వెళ్ళిన తరువాత బస్సు, బస్సు వెళ్ళిన తరువాత మరొక లారీ వచ్చిపోతుంటే, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని మనం లోనికి ప్రవేశిస్తాము. ఆ వాహనాలు త్రాగే ఇంధనం పేరును ఉర్దూ మాట్లాడే మిత్రుడు, తెలుగు మాట్లాడే మిత్రుడు ఒకే విధంగా పలుకుతారు. కాని అది ఒక మనిషి ఇంటిపేరు అనే సంగతి మనలో చాలామంది స్మరించరు. ఆ మనిషి జీవితాన్ని, ఆయన తలపెట్టిన దానికీ లోకం స్వీకరించిన దానికీ నడుమ ఏర్పడిన దూరాన్ని ఈ వ్యాసంలో మా శక్తికొలది వివరింప దలచినాము.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తండ్రి జర్మనీలోని ఆగ్స్‌బర్గ్ నుండి వలస వచ్చి, తోలు వస్తువులు తయారుచేసి జీవించే పనివాడు. 1870లో ఫ్రాన్సు, ప్రష్యాల మధ్య యుద్ధం చెలరేగగా, జర్మను కుటుంబమైనందున వారు పారిస్ విడిచి లండను చేరవలసి వచ్చింది. పన్నెండేండ్ల బాలుని తల్లిదండ్రులు చదువు నిమిత్తం ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపారు. పేదరికం, యుద్ధం, పరాయి ఊరు అనే మూడు కష్టాలను బాల్యంలోనే చవిచూచిన ఆ బాలుడు యంత్రవిద్యనే తన ఆలంబనగా ఎంచుకున్నాడు.

విద్యార్థి వేతనంతో మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో చేరి, ఆచార్య కార్ల్ ఫాన్ లిండే వద్ద ఉష్ణశాస్త్రం అభ్యసించాడు. టైఫాయిడ్ జ్వరం వలన సకాలంలో పరీక్షకు కూర్చొనలేకపోయినా, 1880లో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. బొగ్గులోని వేడిలో అత్యల్ప భాగాన్ని మాత్రమే ఆవిరియంత్రం పనిగా మార్చగలదని, తక్కినదంతా వ్యర్థమని తరగతిలో విన్నది మొదలు, ఆ దుర్వ్యయాన్ని అరికట్టే యంత్రాన్ని నిర్మించాలనే సంకల్పం ఆయనను విడువలేదు. దీనికి తోడు మరొక ఆశయం కూడ ఉండేది. పెద్ద ఆవిరియంత్రాలను కొనగల ధనికుల కర్మాగారాల ముందు చిన్న పనివారు నిలువలేకపోతున్నారు. వారి దుకాణంలో ఇమిడే చిన్న యంత్రం లభిస్తే వారు స్వతంత్రంగా బ్రతుకగలరని ఆయన విశ్వసించాడు. తోలు పనివాని కుమారునికి ఇట్టి ఆలోచన కలగడం సహజమే.

చదువు ముగిసిన పిదప లిండే గారి మంచుయంత్రాల సంస్థలో ఉద్యోగం చేస్తూనే ప్రయోగాలు సాగించాడు. అమోనియా ఆవిరితో చేసిన యంత్రం ప్రేలి ఆయన కొన్ని నెలలు ఆసుపత్రిలో ఉండవలసి వచ్చింది. అయినా వెనుదీయలేదు. గాలిని మిక్కిలిగా అణచితే దాని వేడి ఎంతో పెరుగుతుందని, అట్టి గాలిలోకి ఇంధనాన్ని చిమ్మితే నిప్పురవ్వ అవసరం లేకుండానే అంటుకుంటుందని ఆయన గ్రహించాడు. ఈ సూత్రంపై 1893లో పేటెంటు లభించింది. ఆ ఏడాది ఆగస్టులో ఆగ్స్‌బర్గ్ కర్మాగారంలో జరిగిన మొదటి పరీక్షలో ఒత్తిడిని కొలిచే పరికరమే పగిలి ఎగిరిపోయింది. నాలుగేండ్ల ఎడతెగని శ్రమ తరువాత, 1897 ఫిబ్రవరిలో ఆచార్య మోరిట్జ్ ష్రోటర్ యంత్రాన్ని పరీక్షించి, అది ఇంధనంలోని వేడిలో 26.2 శాతాన్ని పనిగా మార్చుతున్నదని నిర్ధారించాడు. ఆనాటి సాధారణ ఆవిరియంత్రాలు పది శాతం అందుకోవడమే గొప్ప.

ఇచ్చట పాఠకులు ఒక విషయం గమనించాలి. ఆయన తన యంత్రాన్ని ఏ ఒక్క ఇంధనానికీ కట్టిపడవేయలేదు. ఘన, ద్రవ, వాయు రూపాలలో ఏ ఇంధనమైనా దానికి తగునని భావించి, జర్మనీలో విరివిగా దొరికే బొగ్గును పొడిచేసి వాడాలని కూడ ప్రయత్నించాడు. 1900లో పారిస్ ప్రపంచ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ యంత్రాన్ని వేరుశనగ నూనెతో నడిపి చూపారు. ఫ్రెంచి ప్రభుత్వం కోరికపై ఒట్టో కంపెనీ ఈ ఏర్పాటు చేసింది. ఆఫ్రికాలోని వలసలలో వేరుశనగ పుష్కలంగా పండుతుంది గనుక, దూరం నుండి బొగ్గును, చమురును తెప్పించుకొనకుండ అక్కడి పంటతోనే అక్కడి యంత్రాలు నడపవచ్చునని వారి ఊహ. యంత్రం ఎంత సాఫీగా నడిచిందంటే, అది నూనెగింజల సారంతో నడుస్తున్నదని చూపరులలో బహు కొద్దిమందే గుర్తించారట. తరువాత డీజిల్ స్వయంగా ఈ ప్రయోగాలు చేసి, 1912లో ఇంగ్లండులోని ఇంజనీర్ల సభలో వాటిని ప్రస్తావిస్తూ, నాడు స్వల్పంగా కనబడే వృక్షతైలాలు ముందుకాలంలో పెట్రోలియంతో సమానమైన ప్రాముఖ్యం పొందవచ్చునని అభిప్రాయపడ్డాడు.

ఆ భవిష్యత్తును చూచే భాగ్యం ఆయనకు కలుగలేదు. పేటెంటు వివాదాలు, అనారోగ్యం, కలసిరాని పెట్టుబడులు ఆయనను క్రుంగదీశాయి. 1913 సెప్టెంబరు 29 రాత్రి బెల్జియంలోని యాంట్‌వర్ప్ నుండి ఇంగ్లండుకు పోయే డ్రెస్డెన్ అనే ఓడలో తన గదికి వెళ్ళిన డీజిల్ తెల్లవారునప్పటికి కనబడలేదు. కొన్ని దినాల తరువాత సముద్రంలో దొరికిన ఒక దేహంపై ఉన్న వస్తువులను ఆయన కుమారుడు గుర్తించాడు. ఆయన వయస్సు 55 సంవత్సరాలు. ఆ మరణానికి కారణమేమో నేటికీ నిశ్చయంగా తేలలేదు.

ఆయన పోయిన పదేండ్లకు, 1923–24 ప్రాంతంలో, జర్మనీలో డీజిల్ లారీలు వెలువడ్డాయి. చవుకగా లభించే పెట్రోలియం తైలమే ఆ యంత్రాలకు ఆహారమైంది, ఆ తైలానికే ఆయన పేరు స్థిరపడింది. సిలిండరులో ఇంధనం గాలితో చక్కగా కలియని చోట మసి పుడుతుంది. వేడి మిక్కుటమైన చోట నత్రజని ఆక్సైడులు పుడతాయి. ఈ పొగ క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధక మండలి 2012లో ప్రకటించింది. ఇంధనం వ్యర్థం కారాదని, చిన్నవాడు బాగుపడాలని తపించిన వ్యక్తి పేరు, రోడ్డు ప్రక్కన బండి పెట్టుకొని దినమంతా ఆ పొగనే పీల్చే చిన్న వ్యాపారి దగ్గుతో ముడిపడడం ఎంతో విచారకరం.

అయితే ఆయన చూపిన త్రోవ పూర్తిగా మూసుకుపోలేదు. నూనెను నేరుగా వాడితే చిక్కదనం వలన యంత్రంలో జిగురు పేరుకుంటుంది. నూనెను ఆల్కహాలుతో కలిపి గ్లిసరినును వేరుచేస్తే పలుచని ఇంధనం లభిస్తుందని బెల్జియం శాస్త్రజ్ఞుడు షవాన్ 1937లో పేటెంటు పొందాడు. మరుసటి సంవత్సరం బ్రస్సెల్స్, లూవాన్ నగరాల మధ్య ఒక బస్సు ఇట్టి తాటిజాతి నూనె ఇంధనంతో నడిచింది. నేడు మనం బయోడీజిల్ అంటున్నది దీనినే. ఇందులో గంధకం దాదాపు ఉండదు, మసి తగ్గుతుంది. కాని నత్రజని ఆక్సైడులు కొంచెం పెరుగవచ్చునని కూడ నిజాయితీగా ఒప్పుకోవాలి.

మన ప్రాంతం మాటకు వస్తే, అనంతపురం రైతు పండించే వేరుశనగ వంటకే చాలనప్పుడు దానిని యంత్రాలలో కాల్చడం న్యాయం కాదు. తినుటకు పనికిరాని కానుగ గింజల నూనె ఇందుకు తగినది. ఆదిలాబాదు జిల్లా పవర్‌గూడ గ్రామంలో గోండు స్త్రీల సంఘం కానుగ నూనె తీసే పని చేపట్టి, దాని వలన తగ్గగల 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు 2003లో ప్రపంచ బ్యాంకు నుండి మూల్యం పొందింది. ఇక ఢిల్లీలో 1985లో ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 1998లో ఇచ్చిన ఆదేశం ఫలితంగా 2002 చివరికి నగర బస్సులన్నీ సహజవాయువుకు మారాయి. హైదరాబాదు, విజయవాడలకు ఆ వాయువును అందించుటకు 2003లో భాగ్యనగర్ గ్యాస్ సంస్థ ఏర్పడింది. 2019లో హైదరాబాదు విమానాశ్రయ మార్గంలో విద్యుత్ బస్సులు ప్రవేశించాయి. ఒకచోట గింజ, ఒకచోట వాయువు, ఒకచోట విద్యుత్తు. ఏ ప్రాంతానికి తగినది ఆ ప్రాంతం ఎంచుకోవాలన్నదే డీజిల్ మూలభావన. నేడు దానికి మరొక్క షరతు చేర్చాలి. ఆ ఎంపిక మన ఊపిరితిత్తులను కాపాడాలి.

విద్యార్థి మిత్రులారా! రసాయనశాలలో మీరు నేర్చే ఎస్టరు చర్యయే కానుగ నూనెను ఇంధనంగా మార్చే చర్య. దానిని పరీక్ష కొరకు మాత్రమే చదువకండి. కళాశాల కార్యవర్గ సభ్యులకు మా విన్నపం ఒక్కటే: ప్రహరీ వెంబడి కానుగ మొక్కలు నాటించండి, భవిష్యత్తులో కళాశాలకు బస్సు కొనవలసి వచ్చిన నాడు దాని ధరతో పాటు దాని పొగను కూడ లెక్కలోకి తీసుకొనండి. పారిస్ ప్రదర్శనలో ఆ చిన్న యంత్రాన్ని చూచినవారు దాని ఇంధనాన్ని గమనింపక వెళ్ళిపోయారు. ఆ పొరపాటు మన వలన మరల జరుగరాదని కోరుకుంటున్నాము.